తార్నాక దీవి

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సు మీదుగా సాగుతుంది. వానలు బాగా పడ్డ ఏడు రెండు పక్కలా నీళ్లే. నీళ్లు తగ్గాక బురద, ఆ తర్వాత ఉప్పు తేలిన తెల్లటి నేల. చలికాలంలో ఫ్లెమింగోలు ముక్కు తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదనీటిని వడగట్టుకుంటూ మేస్తుంటాయి. సైకిల్ తొక్కడానికి తెలుగునాట అంతకన్నా మంచి రోడ్డు లేదని నా అభిప్రాయం. ఎత్తులు లేవు, పల్లాలు లేవు, ఎదురుగాలి ఒక్కటే ఇబ్బంది పెడుతుంది. అయితే అసలు శ్రీహరికోట దీవి మొదలయ్యే చోట రాకెట్ కేంద్రం కాపలా ఉంటుంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్ అక్కణ్నుంచి ఎగిరింది. అనుమతి పత్రం లేనిదే ఇప్పుడు ఎవరూ లోపలికి పోలేరు. అక్కడి అడవికి ఆ కట్టడి మేలే చేసింది. తూర్పు తీరంలో దాదాపు అంతటా నరికేసిన పొడి సతతహరిత అడవి శ్రీహరికోటలో ఇప్పటికీ పెద్ద ముక్కగా మిగిలి ఉంది.

శ్రీహరికోటలో సైకిల్ తొక్కలేనివాళ్లకు హైదరాబాదులో ఇంకో దీవి ఉంది. పేరు ఉస్మానియా విశ్వవిద్యాలయం. విస్తీర్ణం సుమారు 1300 ఎకరాలు, అంటే ఐదు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తరాన తార్నాక, తూర్పున హబ్సిగూడ, దక్షిణాన అంబర్‌పేట, పడమట రైలుపట్టాలు, వాటి అవతల సీతాఫల్‌మండి, విద్యానగర్. సముద్రం మూడు వందల కిలోమీటర్ల అవతల ఉండగా దీవి ఎక్కడిదని అడగొచ్చు. జీవశాస్త్రం దృష్టిలో దీవికి చుట్టూ నీళ్లే ఉండనక్కర్లేదు. ఒక ప్రాణి బతకగలిగిన నేల చుట్టూ అది బతకలేని నేల ఉంటే చాలు. మీకూ నాకూ తార్నాక మెయిన్ రోడ్డు రెండు నిమిషాలు సిగ్నల్ దగ్గర ఆగే చోటు. రెండు అంగుళాల కప్పకు అది దాటలేని కడలి. నేల మీద గుడ్లు పెట్టే కౌజుపిట్టకు అపార్టుమెంట్ల హబ్సిగూడలో కాలు మోపే చోటు లేదు. గద్దకు మాత్రం ఈ హద్దులేవీ లెక్కలోకి రావు, మౌలాలి గుట్ట నుంచి అంబర్‌పేట దాకా ఆకాశమంతా దాని సొంతం. ఒకే క్యాంపస్ ఒక్కో ప్రాణికి ఒక్కో సైజు దీవి.

ఈ దృష్టితో క్యాంపస్‌ను చూడాలంటే సైకిలే సరైన వాహనం. కారులో పోతే ఏమీ వినిపించదు. నడిస్తే ఒక పొద్దుటిపూటలో నాలుగో వంతు కూడా తిరగలేం. సైకిల్ మీద సూర్యోదయానికి తార్నాక వైపు నుంచి లోపలికొస్తే, ఎండ ముదరకముందే దీవి చుట్టుకొలత మొత్తం చూడొచ్చు. కావాలనుకున్న చోట కాలు నేలకు ఆనించి ఆగొచ్చు. ఉస్మానియాకూ సైకిలుకూ వేరే చుట్టరికం కూడా ఉంది. 2002 జాతీయ క్రీడల కోసం ఇక్కడ సైకిల్ పందాల వెలోడ్రోమ్ కట్టారు. దాంట్లో ఎంత తొక్కినా బయల్దేరిన చోటికే వస్తాం కాబట్టి మన పనికి అది పనికిరాదు.

ముందుగా రాళ్లు చూడాలి. ఆర్ట్స్ కాలేజీ ముందు ఫొటో దిగని విద్యార్థి ఉండడు గానీ, ఆ భవనం ఏ రాయితో కట్టారో ఆ రాయి చుట్టూ బండలుగా పడి ఉందని గమనించేవాళ్లు తక్కువ. 1934లో ఈ క్యాంపస్‌కు పునాదిరాయి వేశారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ రూపకల్పన చేసిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరులో తెరుచుకుంది. ఆ గులాబీ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమి లోపల కిలోమీటర్ల లోతున అది గడ్డకట్టే నాటికి గాలిలో ఆక్సిజన్ దాదాపు లేదు. పైనున్న పొరలన్నీ కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక రాయి బయటపడింది. బరువు తగ్గేసరికి పగుళ్లు విచ్చుకున్నాయి. పగుళ్లలో నీళ్లు దిగాయి. రాయిలోని ఫెల్డ్‌స్పార్ నీటికి మెత్తబడి బంకమన్నుగా మారుతుంది, క్వార్ట్జ్ మాత్రం గింజలు గింజలుగా మిగులుతుంది. మూలల దగ్గర ఈ పని మూడు వైపుల నుంచీ జరుగుతుంది కాబట్టి మూలలే ముందు అరుగుతాయి. పలకల్లా ఉండాల్సిన బండలు గుండ్రంగా తేలడానికి కారణం అదే. రాలిపోయిన దాన్నే మనం మొరం అంటాం. ఇల్లు కట్టేటప్పుడు పునాదుల్లో పోసే ఆ మొరాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దాని దగ్గరికి రావాలి.

గ్రానైటు మీద మట్టి పలచన. అందుకే ఇక్కడి సహజమైన వృక్షసంపద పెద్ద అడవి కాదు, ముళ్ల పొదలూ గడ్డీ కలిసిన చిట్టడవి. తంగేడు, రేగు, బలుసు, తుమ్మ, ఈత, మోదుగ, మధ్యలో సీతాఫలం. సీతాఫలం అమెరికా ఖండం నుంచి వచ్చిన చెట్టే అయినా దక్కను బండల మధ్య పుట్టిపెరిగినట్టే కలిసిపోయింది. రోడ్ల పక్కన నీడ కోసం పెట్టిన గుల్‌మొహర్, నిద్రగన్నేరు చెట్ల సంగతి వేరు. వాటి నీడలో సైకిల్ హాయిగా సాగుతుందేగానీ, దీవి కథ వాటిది కాదు. రోడ్డు దిగి పొదల అంచుకు పోతే కౌజుల అరుపు, ఏ విద్యుత్ తీగ మీదో పాలపిట్ట, బండ మీద గొంతు ఎర్రబార్చుకుని తలాడించే తొండ కనిపిస్తాయి. నెమళ్ల కోసం వెతకనక్కర్లేదు, అవే అరిచి చెబుతాయి. పొద్దున నడకకొచ్చేవాళ్లకు అవి అలవాటే.

వానాకాలంలో ఇంకో వింత చేరుతుంది. బండల మీద సహజంగా ఏర్పడ్డ గుంటల్లో, మన భాషలో దొనల్లో, నీళ్లు నిలుస్తాయి. కొన్ని జానెడు లోతు కూడా ఉండవు. చెరువంటే వందల ఎకరాలనుకునే మనం వీటిని నీటి వనరుల లెక్కలో చేర్చం. కానీ రెండు నెలలు తడిగా ఉండి పది నెలలు ఎండిపోయే ఆ గుంట కూడా చిత్తడి నేలే. దాంట్లో బతకాలంటే తొందర ఉండాలి. మన చిన్న కప్పలు కొన్ని తొలకరి నీళ్లలో గుడ్లు పెడతాయి. చేపలు లేని నీళ్లు కాబట్టి ఆ గుడ్లను తినేవాళ్లు తక్కువ. తోకకప్ప పిల్లలు గుంట ఎండేలోపు కాళ్లు తెచ్చుకుని బయటపడాలి, లేకపోతే అక్కడే ఆరిపోతాయి. దక్కను దొనల్లో దొరికే ఫెయిరీ రొయ్యలు ఇంకో ఎత్తు వేశాయి. అవి చనిపోయినా వాటి గుడ్లు పొడిబారి దుమ్ములో కలిసి ఏళ్ల తరబడి ఎండకు మాడుతూ పడి ఉంటాయి, తడి తగిలిన రోజున పొదుగుతాయి. దీవిలో దీవి ఇది. పక్క బండ మీది దొనకు వెళ్లాలంటే ఆ గుడ్డుకు గాలే దిక్కు, లేదా పిట్ట కాలికి అంటిన బురద.

ఆ బురద గురించి డార్విన్‌కు పిచ్చి ఉండేది. ఒక చెరువు అంచున మూడు చోట్ల మూడు చెంచాల బురద తీసుకున్నాడు. ఎండిస్తే బరువు ఏడు ఔన్సులు కూడా లేదు. దాన్ని తన చదువుల గదిలో మూతపెట్టి ఆరు నెలలు ఉంచి, మొలిచిన ప్రతి మొక్కనూ పీకి లెక్కపెట్టాడు. 537 మొక్కలు తేలాయి. కాఫీ కప్పులో పట్టేంత బురదలో ఇన్ని విత్తనాలుంటే, నీటిపక్షుల కాళ్లకు అంటుకుని అవి ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు చేరకపోవడమే ఆశ్చర్యమని 1859లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. ఒంటరి దీవులకు జీవం ఎలా చేరిందన్న ప్రశ్నకు ఆయన వెతికిన జవాబుల్లో ఇదొకటి.

ప్రకృతి ఆ ప్రశ్నకు తానే ఒక ప్రయోగం చేసి చూపించింది. 1883 ఆగస్టులో ఇండోనేసియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలి, మిగిలిన దీవి ముక్క వేడి బూడిద కింద పూడిపోయింది. తొమ్మిది నెలల తర్వాత అక్కడ దిగిన పరిశోధకులకు కనిపించిన ప్రాణి ఒకే ఒక్క చిన్న సాలీడు. తినడానికి ఈగ కూడా లేని చోట అది గూడు అల్లుకుంటోంది. సాలీడు పిల్లలు దారపు పోగు వదిలి గాలిలో తేలిపోతాయి, అలా వచ్చి ఉంటుంది. యాభై ఏళ్లు తిరిగేసరికి అక్కడ మళ్లీ అడవి లేచింది.

1960లలో రాబర్ట్ మెకార్థర్, ఎడ్వర్డ్ విల్సన్ అనే ఇద్దరు అమెరికన్లు ఈ రాకపోకలకు లెక్క కట్టారు. 1967లో వచ్చిన వాళ్ల పుస్తకం పర్యావరణ శాస్త్రాన్నే మలుపు తిప్పింది. ఆలోచన చాలా సులువు. దీవికి కొత్త జాతులు వస్తూ ఉంటాయి, ఉన్నవి నశిస్తూ ఉంటాయి. దీవి తీరానికి ఎంత దూరమైతే రాకడ అంత తక్కువ. దీవి ఎంత చిన్నదైతే పోకడ అంత ఎక్కువ, ఎందుకంటే చిన్నచోట ప్రతి జాతికీ తల లెక్క తక్కువే, ఒక్క కరువు, ఒక్క రోగం చాలు. రాకడా పోకడా సమానమైన చోట జాతుల సంఖ్య నిలబడుతుంది. సంఖ్య నిలిచినా సభ్యులు మారుతూనే ఉంటారు. ఈ సిద్ధాంతంలో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి అదే. అద్దె ఇళ్ల కాలనీలో కుటుంబాల సంఖ్య ఎప్పుడూ అంతే, పేర్లు మాత్రం ఏడాదికోసారి మారతాయి, అలాంటిదే.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. నిజమో కాదో చూడాలంటే దీవిని ఖాళీ చేసి మొదటినుంచీ గమనించాలి. ఇంకో క్రాకటోవా పేలేదాకా ఆగలేక విల్సన్, ఆయన శిష్యుడు డేనియల్ సింబర్‌లాఫ్ 1966లో ఫ్లోరిడా తీరపు చిత్తడి నేలలకు వెళ్లారు. అక్కడ లోతులేని సముద్రంలో మడచెట్లే దీవులు. కాకినాడ పక్కన కోరింగలో పడవ ఎక్కినవాళ్లు ఉప్పుపొన్న చెట్టును చూసే ఉంటారు, కర్రల్లాంటి వేళ్ల మీద నీళ్లలో నిలబడి ఉంటుంది. దాని దగ్గరి బంధువే ఫ్లోరిడాలోని ఎర్రమడ. పదకొండు నుంచి పద్దెనిమిది మీటర్ల వెడల్పున్న ఆరు మడ దీవులను ఎంచుకున్నారు. ఒక్కోదాని మీద ఇరవై నుంచి యాభై జాతుల పురుగులు, సాలీళ్లు ఉన్నాయి. ముందు వాటన్నిటికీ జాబితా రాసుకున్నారు. తర్వాత ఇళ్లలో చెదలు చంపే కంపెనీ వాళ్లను పిలిపించి, దీవి మొత్తానికీ గుడారం కప్పించి, మిథైల్ బ్రోమైడ్ వాయువు పట్టించారు. చెట్టు బతికింది, పురుగులు పోయాయి. ఆపైన నెలల తరబడి ఆ బురదలోకి దిగి, వచ్చినవాటిని వచ్చినట్టు రాసుకోవడమే పని.

ఎనిమిది నెలలు తిరిగేసరికి దాదాపు అన్ని దీవులూ పాత సంఖ్యకు దగ్గరగా వచ్చేశాయి. ఒడ్డుకు బాగా దూరంగా ఉన్న దీవి మాత్రం వెనకబడింది. జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తే సంఖ్య అదే గానీ పేర్లు చాలావరకు వేరు. లెక్క నెగ్గింది.

ఈ సిద్ధాంతంతోపాటు ఒక మోటు సూత్రం కూడా వాడుకలోకి వచ్చింది. విస్తీర్ణం పది రెట్లయితే జాతులు రెండు రెట్లవుతాయి. తిరగేస్తే, నేల సగానికి తగ్గితే సుమారు ఐదో వంతు జాతులు పోతాయి. సగం నేల పోయినా అయిదింట నాలుగు వంతుల జాతులు మిగులుతాయిగా అని సంతోషించే ముందు పనామా దాకా పోయి రావాలి. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కట్టినప్పుడు, 1914 నాటికి లోయంతా మునిగి ఒక గుట్ట దీవిగా మిగిలింది. బారో కొలరాడో అంటారు. ఉస్మానియాకు మూడు రెట్లుంటుంది. 1923 నుంచి పరిశోధకుల కాపలాలో ఉంది. అయినా 1970 నాటికి అక్కడ గూళ్లు పెట్టే పక్షుల్లో నలభైకి పైగా జాతులు మాయమయ్యాయి. కొన్ని దీవి చిన్నదవడం వల్ల పోయాయి. ఇంకొన్ని పోవడానికి కారణం, అక్కడి పాత చేలు ముదిరి అడవిగా మారడం. పొదలనూ బయలునూ నమ్ముకున్న పిట్టలకు చెట్లు పెరగడమే చేటయింది.

బారో కొలరాడో చుట్టూ నీళ్లు లేచాయి, ఉస్మానియా చుట్టూ ఊరు లేచింది. అడిక్‌మెట్ పొలాల, గుట్టల మధ్య కట్టిన విశ్వవిద్యాలయం తొలినాళ్లలో దీవి కాదు, విశాలమైన పల్లెప్రాంతంలో ఒక భాగం. తార్నాక, హబ్సిగూడ పెరిగేకొద్దీ ఆటుపోటు లేని వరద ఒకటి మెల్లగా చుట్టుముట్టింది. 2017 నవంబరులో మెట్రో కూడా వచ్చింది. ఇలాంటి చోట నష్టం వెంటనే కనబడదు. దీవి అయిన రోజునే ఏ పిట్టా పోదు. ముసలి ప్రాణులు బతికినన్నాళ్లు బతికి, పిల్లలు నిలవక, యాభై ఏళ్లలో ఒక్కొక్కటీ జారుకుంటాయి. కాబట్టి నెమళ్లు గట్టిగా అరుస్తున్నాయి గదా, అంతా బాగుందని అనుకోవడానికి లేదు. నెమలి ఏదైనా తింటుంది, మనుషుల మధ్య నెగ్గుకొస్తుంది. నేల మీద గూడు పెట్టుకునే పిట్టలకు వీధికుక్కల నుంచి, చెత్త దగ్గర బలిసిన కాకుల నుంచి రక్షణ లేదు. క్యాంపస్ అంచుల్లో ఒక రోడ్డు వెడల్పు చేసినా, మధ్యలో ఇంకో భవనం లేచినా లెక్కలో తగ్గేది ఆ కట్టడం ఆక్రమించిన గజాలొక్కటే కాదు, ఒక పెద్ద దీవి రెండు చిన్న దీవులవుతుంది.

పచ్చదనం పేరుతో బండల మధ్య పొదలు కొట్టి మొక్కలు నాటేవాళ్లకు కూడా పనామా సంగతి చెప్పాలి. చెట్లు నాటడం పుణ్యకార్యమని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. నాటాల్సిన చోట నాటితే పుణ్యమే. తంగేడు పొద తీసేసి కొనోకార్పస్ పెడితే కౌజుపిట్టకు ఇల్లు పోయినట్టే.

ఇక నీళ్ల సంగతి. దీవిని నిలబెట్టేది విస్తీర్ణం ఒక్కటే కాదు, అడుగు వేయడానికి మధ్యలో రాళ్లుండాలి. ఒక చిత్తడి నేల నుంచి ఇంకోదానికి తూనీగ, కప్ప, బొల్లికోడి దాటగలిగినంత దూరంలో నీళ్లుండాలి. తార్నాక చుట్టుపక్కల ఒకప్పుడు అలాంటి గొలుసు ఉండేది. ఉస్మానియా, దాని పక్కనున్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) ఆవరణల వైపు మహలకా బాయి చందా పేరుతో ఒక మెట్లబావి ఉంది. ఉర్దూ కవయిత్రి, నిజాం దర్బారు నర్తకి అయిన ఆమె (1768–1824) జాగీరులోనిదే ఈ అడిక్‌మెట్ నేల. చెత్తతో పూడిన ఆ బావిని తర్వాత బాగుచేశారు. లాలాపేట, నాచారం, రామంతాపూర్, ఉప్పల్ చెరువులు మిగిలాయి గానీ కుంచించుకుపోయాయి. వాటిని కలిపే కాలువలు నాలాలయ్యాయి, కొన్నిచోట్ల ఇళ్లయ్యాయి. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ దగ్గర ఒక్కరోజులో 30 సెంటీమీటర్ల పైన వాన పడ్డప్పుడు హబ్సిగూడ 8వ నంబరు వీధి చెరువయింది. దిగువనున్న రామంతాపూర్ చెరువులోకి నీరు పోలేక వెనక్కి తన్నింది. చిత్తడి నేలలను మనం పటంలోంచి తుడిచేయగలం గానీ పల్లాన్ని తుడిచేయలేమని ఆ వీధిలో ఉండేవాళ్లకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

క్యాంపస్ దక్షిణపు అంచు దాటి మూసీ వైపు దిగే వాలులో, బాగ్ అంబర్‌పేటలో, బతుకమ్మ కుంట ఉంది. ఉంది అని 2025 నుంచే అనగలుగుతున్నాం. అంతకుముందు అది పిచ్చిచెట్లు మొలిచిన మట్టిదిబ్బ. ఒకప్పటి పద్నాలుగు ఎకరాల్లో ఐదు ఎకరాల చిల్లరే మిగిలింది, దాని మీద కూడా కోర్టు తగాదా. 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ తవ్వకం మొదలుపెడితే నాలుగడుగుల లోతులోనే నీళ్లు ఉబికాయి. పైపు పగిలిందని మొదట కొందరన్నారు. అది ఊట నీరే. సెప్టెంబరులో బతుకమ్మ పండగ నాటికి నిండుకుంటగా తెరిచారు.

పూడ్చేసిన కుంట ఇన్నేళ్ల తర్వాత నీళ్లెలా ఇచ్చింది? ఇందాకటి మొరమే జవాబు. గట్టి గ్రానైటులో నీరు దిగదు. దాని పైనున్న మొరం పొర గింజల సందుల్లో నీరు నిలుస్తుంది, దాని కింద పగుళ్ల పొరలో నడుస్తుంది. తార్నాక నుంచి ఉప్పల్ పోయే రోడ్డు మీద ఉన్న ఎన్జీఆర్ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు ఫ్రెంచివాళ్లతో కలిసి 1999 నుంచి మహేశ్వరం దగ్గర గ్రానైటు నేలల్లో ఈ రెండు పొరల తీరును కొలుస్తూ వచ్చారు. మన బోర్లన్నీ ఆ పగుళ్ల పొరను పీల్చేవే. ఎత్తున ఉస్మానియా బండల మీద పడ్డ వాన కొంత మొరంలోకి ఇంకి, మూసీ వైపు వాలులో ఎక్కడ పల్లం దొరికితే అక్కడ పైకి తేలాలని చూస్తుంది. పెద్దలు కుంట తవ్వింది అలాంటి చోటే. మట్టి పోసి మూతపెట్టినా అడుగున ఊట దారి మారలేదు. మొత్తం సిమెంటు వేసిన ఊళ్లో ఇంకే చోటు లేకపోతే ఆ ఊట కూడా ఆగుతుంది. కాబట్టి ఉస్మానియాలో ఖాళీగా పడి ఉన్నట్టు కనిపించే బండనేల ఖాళీది కాదు. కింది బస్తీల బావులకు అది పైకప్పు మీది తొట్టి.

నాకు బతుకమ్మ కుంటలో ఆసక్తి వేరే ఉంది. అది మన క్రాకటోవా. ఖాళీ అయిన దీవి మళ్లీ మొదలైంది, తేదీతో సహా మనకు తెలుసు. ముందు ఎవరొస్తారు? నీటి మీద పరుగెత్తే పురుగులు, తూనీగలు, దోమలు. వాటి వెనక గుడ్డికొంగ, లకుముకి. మూసీ కంపు కొడుతున్నా అంబర్‌పేట దిగువన పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్ పిట్టలూ కొంగలూ మేస్తూనే ఉంటాయి. వాటి కాళ్ల బురదలో ఎన్ని గింజలున్నాయో డార్విన్ అడిగేవాడు. కప్పలు రావడం కష్టం, రోడ్లు దాటాలి. అడుగు మట్టిలో పాత కుంటనాటి విత్తనాలు ఏవైనా ఇంకా బతికి ఉంటే అవి ఎక్కణ్నుంచీ రానక్కర్లేదు, ఉన్నచోటే మొలుస్తాయి.

అయితే వచ్చినవాటికి నిలబడే చోటు మనం ఇవ్వాలి. హైదరాబాదులో చెరువు బాగుచేయడమంటే చుట్టూ రాతి కట్ట, నడకదారి, లైట్లు, ఫౌంటెన్. మనుషులకు అవసరమే, కాదనను. కానీ చిత్తడి నేల ప్రాణమంతా నీటికీ నేలకూ మధ్య ఉండే ఆ నాలుగడుగుల బురద వాలులోనే ఉంది. పులికాట్‌లో ఫ్లెమింగో మేసేది ఆ లోతులేని నీళ్లలోనే, నడి సరస్సులో కాదు. నిలువుగా రాతిగోడ కట్టిన కుంటలో కొంగ నిలబడలేదు, కప్ప ఎక్కలేదు, తుంగ మొలవదు. కనీసం ఒక వైపైనా గోడ లేకుండా వాలుగా, బురదగా వదిలేస్తే చాలు. దానికి ఖర్చు కూడా ఉండదు.

లెక్క రాయడానికి ఇప్పుడు వలలూ దుర్భిణులూ మాత్రమే గతి కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి) చెందిన లాకోన్స్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నీటిని వడగట్టి, అందులో తేలే డీఎన్ఏ ముక్కలను చదివి, ఆ నీటిలో సూక్ష్మజీవుల నుంచి చేపల దాకా ఎవరెవరున్నారో చెప్పే పద్ధతిని తయారుచేశారు. ఒడిశా తీరంలోని చిలికా సరస్సు నీళ్ల మీద దాన్ని పరీక్షించారు. అంత పెద్ద ఉప్పునీటి సరస్సుకు పనికొచ్చిన పద్ధతి, సీసీఎంబీ గేటు నుంచి సైకిల్ దూరంలో ఉన్న ఐదెకరాల కుంటకూ పనికొస్తుంది. విశ్వవిద్యాలయపు జంతుశాస్త్ర, వృక్షశాస్త్ర విభాగాలు దీన్ని ఏళ్ల తరబడి సాగే ప్రయోగంగా చేపడితే, ఫ్లోరిడాలో విష వాయువు పెట్టి చేసిన పనిని హైదరాబాదులో ఒక్క పురుగునూ చంపకుండా చేయొచ్చు.

ఆ విభాగాలు కదిలేదాకా పాఠకులు ఆగనక్కర్లేదు. సైకిల్, నోటు పుస్తకం, ఫోన్‌లో ఈబర్డ్ లేదా ఐనేచురలిస్ట్ యాప్ ఉంటే సరిపోతుంది. నెలకోసారి ఉదయం ఆరింటికి తార్నాక నుంచి బయల్దేరి, క్యాంపస్ బండలు చుట్టి, బతుకమ్మ కుంట దగ్గర అరగంట కూర్చుని, కనిపించిన ప్రతి ప్రాణి పేరూ తేదీ వేసి రాయండి. పేరు తెలియకపోతే ఫొటో పెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు. కనిపించనివాటిని కూడా రాయండి. కౌజు అరుపు వినిపించని ఉదయం కూడా ఒక సమాచారమే. మొదటి కప్ప కూతను బతుకమ్మ కుంట దగ్గర ఎవరు విన్నారో, ఏ రోజు విన్నారో ఎక్కడో ఒకచోట నమోదై ఉండాలి.